ఏ గట్టు? ఏ సర్వే నంబరు?

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఉంటుంది ఏన్కూరు. పత్తి, మిరప చేలు, జామాయిల్ తోటలు, అడవి అక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తాయి. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఏన్కూరు ఖమ్మంలోనే ఉండిపోయింది, పక్కనున్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి పోయింది. ఇక్కడి కోయ కుటుంబం తన ముత్తాత జాడ వెతకాలంటే ఇలాంటి గీతలు చాలా దాటాలి. ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. ఒకరు రెవెన్యూ శాఖలో గిర్దావర్‌గా పనిచేసి రిటైరైన మామ, మరొకరు ఆశ్రమ పాఠశాలలో టీచరైన మేనల్లుడు. ఇద్దరూ కోయలే. వాళ్లు ప్రస్తావించే చట్టాలు, రికార్డులు, ఊళ్లు, తేదీలు మాత్రం కల్పన కాదు.

అల్లుడు: మామా, నువ్వు ఉద్యోగమంతా రికార్డుల మధ్యనే గడిపినోడివి. మా ముత్తాత పేరు ఏ కాగితంలో దొరుకుద్దో చెప్పు. తిరిగే తిరుగుడు నేను తిరుగుత.

మామ: దేనికి? పట్టాకా, తెలుసుకోవాలనా?

అల్లుడు: రెండింటికీ. పాత గూడెం ఉన్న జాగాలో ఇయ్యాల జామాయిల్ ఉంది. ఆ తోట నడుమ మా పెద్దల పేరున నిలబెట్టిన రాళ్లు ఇంకా ఉన్నయి. గ్రామసభ సామూహిక హక్కుకు దరఖాస్తు పెడుతోంది. ఆ రాళ్లు ఎవరివని అడిగితే మా నాయనకు తన తాత పేరు తప్ప ఏదీ రూఢిగా తెలవదు. ఎక్కడి నుంచి వచ్చిండు, ఎందుకు వచ్చిండు, ఎవరి బిడ్డను చేసుకున్నడు, ఒక్కటీ ఖాయంగా తెలవదు.

మామ: అయితే పద్ధతిగా పోవాలె. ఇయ్యాల్టి రికార్డు భూభారతిలో ఉంటది, నిన్నటిదాకా ధరణి అన్నరు. దాని వెనక 1-బి, దాని వెనక ఏటేటా రాసిన పహాణీలు. వాటిని పట్టుకుని వెనక్కి పోతే 1954-55 ఖాస్రా పహాణీ వస్తది. ఫసలీ లెక్కన 1364. ఫసలీకి 590 కలుపు, మన ఏడాది తేలుద్ది. తెలంగాణలో భూమి తగాదా ఏదైనా ఆఖరికి ఖాస్రా దగ్గరికే వచ్చి ఆగుతది. ఇంకా వెనక్కి పోతే పాత సర్వే రిజిస్టరు సేత్వార్, అది ఉర్దూలో ఉంటది. చదివేటోళ్లను వెతుక్కోవాలె. నిజాం కాలం ఫైళ్లకైతే తార్నాకలో ఆర్కైవ్స్ ఉంది.

అల్లుడు: ఖాస్రా చూసిన మామా. మా ముత్తాత పేరు లేదు.

మామ: లేదంటే అప్పటికి ఆయనకు భూమి లేదన్నట్టే.

అల్లుడు: ఏమో, ఆ లెక్క నేను ఒప్పుకోను. 1954కు ముందు ఈ అడవిలో ఏం జరిగిందో నీకు తెల్వదా? సాయుధ పోరాటం రోజుల్లో, 1949 తర్వాత, అడవి లోపలి గూడేలను ఖాళీ చేయించి కోయోళ్లను క్యాంపుల్లో పెట్టిన్రు. దళాలకు అన్నం పెడతరని. మలయాలో ఇంగ్లీషోళ్లు అదే పని చేసిన్రని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాసిండు. ఊరే లేని చోట, దున్నేటోడు క్యాంపులో ఉన్నప్పుడు, చెలక బీడు పడి ఉంటది. మూడు నాలుగేండ్లకే ఖాస్రా రాసిన్రు. కాబిజ్‌దారు గడిలో, అంటే కబ్జాలో ఉన్నోడి గడిలో, ఎవరి పేరు రాస్తరు?

మామ: అందరూ క్యాంపుల్లోనే ఉండిపోలేదు, తిరిగొచ్చినోళ్లు ఉన్నరు.

అల్లుడు: తిరిగొచ్చినోళ్లకు ఆ జాగా అడవి లెక్కల్లో ఉందని చెప్పిన్రు. 1945లోనే హైదరాబాద్ అటవీ చట్టం వచ్చె, ఫసలీ 1355. మహసూరా, అదే రిజర్వు అడవి గీత, గూడేల నడుమ నుంచి పోయింది. ఆ పక్క దున్నితే పట్టాదారు, ఈ పక్క దున్నితే నేరస్తుడు. మా ముత్తాత ఏ కాగితంలోనన్నా దొరికితే అటవీ కేసు కాగితంలోనే దొరుకుతడు.

ఇక్కడ అల్లుడి మాటకు నా మాట ఒకటి కలుపుతాను. సర్కారు మనిషిని రాసుకునేది వాడితో పని పడినప్పుడే. శిస్తు రావాలి, లేదా శిక్ష వేయాలి, లేదా కూలీకి తోలుకుపోవాలి. 1860 నవంబరు 16న చెరుకు తోటల కూలీలతో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికా నాటల్‌లోని డర్బన్ చేరింది. అందులోంచి దిగిన కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది గుర్తులు రిజిస్టర్లకెక్కాయి. 1911 దాకా అలా నాటల్‌కు వెళ్లిన వాళ్లు 1,52,184 మంది. వాళ్లలో తెలుగువాళ్ల మునిమనవలు ఇవాళ ఆ రిజిస్టర్లలోని నంబరు పట్టుకుని విశాఖ, గంజాం పల్లెలు వెతుక్కోగలుగుతున్నారు. సముద్రం దాటిన కూలీకి ఉన్న కాగితం గోదావరి దాటి అడవిలోకి వచ్చిన కోయవాడికి లేదు. చెరుకు తోట దొరకు ఆ కూలీ కావలసి వచ్చాడు కాబట్టి ఆ కాగితం పుట్టింది. కాగితం లేకపోవడాన్ని మనిషి లేకపోవడంగా చదవకూడదని నేనంటాను. మామకు ఈ మాట రుచించదు.

మామ: సరే, ఖాస్రాలో లేడు. పాటలో ఉన్నడా? వేల్పుల కథలు పాడే డోలీని పిలిపించి పాడిస్తే నీ ముత్తాత పేరు చెప్తడా?

అల్లుడు: పేరు చెప్పకపోవచ్చు. మా గట్టు, అంటే మా గోత్రం, చెప్తడు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదు, ఆరు, ఏడు, ఏ గట్టులో ఏ ఇంటిపేర్లు వస్తయి, ఏ ఇంటికి ఏ వేల్పు, ఆ వేల్పు ఏ ఊరి నుంచి నడిచొచ్చింది, అన్నీ చెప్తడు. వేల్పు కొలుపప్పుడు పడిగె విప్పుతరు. గుడ్డ మీద బొమ్మలు వరసగా ఉంటయి, డోలీ ఒక్కో బొమ్మ దగ్గర ఆగి కథ చెప్తడు. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు అట్లనే చెప్పేవారు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మ కథ, గరికామరాజు కథ నోటికి పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 2024లో పోయిన్రు. ఒక్క మనిషి పోతే ఎంత రికార్డు రూము పోయిందో ఆలోచించు.

మామ: ఆయన మీద నాకూ గౌరవముంది. కానీ డోలీ పాటకూ నీ పని కాగితానికీ పొత్తు కుదరదు. పాటలో వీరులుంటరు. చెలక దున్నినోడు, ఎల్లందు బొగ్గుబాయికి కర్రలు తోలినోడు ఉండడు. ఇంకో మాట. పాడేటోడికి త్యాగం ఇస్తరు. ఎక్కువిచ్చిన ఇంటి తాత పెద్ద వీరుడైతడు. మైదానంలో రెడ్లకు పిచ్చిగుంట్లోళ్లు చెప్పినా, పద్మశాలీలకు కూనపులోళ్లు చెప్పినా, తండాల్లో లంబాడోళ్లకు ఢాడీలు పాడినా ఇదే సంగతి. ఇంతోటి గోత్రాలు, ఇంటిపేర్లు గుర్తుపెట్టుకున్నందుకు దండం పెడత, సాక్ష్యమంటే మాత్రం ఒప్పుకోను.

అల్లుడు: పట్వారీకి ఎవరూ త్యాగం ఇయ్యలేదా మామా?

మామ: ఇచ్చిన్రు.

అల్లుడు: డోలీ పాడేది గట్టోళ్లందరి ముందు. తప్పు చెప్తే ముసలోళ్లు అక్కడే ఆపుతరు. పట్వారీ రాసేది ఎవరి ముందు? ఇంట్ల కూసుని రాసిండు, మనకు చదువు రాదు. 1984లో పటేల్ పట్వారీలు పోయిన్రు, 2020 సెప్టెంబర్ల వీఆర్వోలు పోయిన్రు. రాసినోళ్లంతా పోయిన్రు, రాత ఒక్కటే మిగిలింది. ఎందుకట్ల రాసిన్రని ఇయ్యాల ఎవర్ని అడగాలె?

మామ కాసేపు మాట్లాడలేదు. ఈ వాదనలో అల్లుడి పక్షం బలంగా కనిపిస్తోంది కానీ, అతను ఎక్కడ తడబడతాడో కూడా చూడాలి.

మామ: సరే, మీ ఇంట్ల మీ ముత్తాత గురించి ఏం చెప్పుకుంటరు?

అల్లుడు: అల్లూరి సీతారామరాజు వెంట తిరిగిండని. 1922లో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డప్పుడు ఉన్నడని, 1924ల రాజు పోయినంక గోదావరి దాటి ఇటు నిజాం గడ్డ మీదికి వచ్చి దాక్కున్నడని.

మామ: చింతపల్లి ఎక్కడ, రేకపల్లి ఎక్కడ? మీ వేల్పు గోదావరి అవతల రేకపల్లి దిక్కు నుంచి వచ్చిందంటరు కదా. ఆ రోజుల్లో నది దాటి వచ్చిన ప్రతి తాతా రాజు వెంట నడిచినోడేనా అల్లుడూ? ఆ పితూరీ, అదే తిరుగుబాటు, కేసుల కాగితాలు మద్రాసు సర్కారు దాచింది. ముద్దాయిల పేర్లున్నయి. పోయి చూడు. ఉంటే సంబరమే. లేకపోతే?

అల్లుడు: లేకపోతే పేరు మార్చుకున్నడేమో.

మామ: చూసినవా! కాగితంలో లేకపోతే కాగితం అబద్ధం, కథ నిజం. గట్లైతే ఇక వెతుకుడెందుకు? నచ్చిన తాతను నువ్వే తయారు చేసుకోవచ్చు.

ఈ దెబ్బ గట్టిదే. వంశం వెతికే వాళ్లకు మొదటి ప్రమాదం దొరకని తాత కాదు, ముందే మనసులో తయారై కూర్చున్న తాత. వీరుడి కోసం వెతికేవాడికి వీరుడే దొరుకుతాడు.

అల్లుడు: సరే, రాజు సంగతి పక్కన పెడత. కానీ నది అవతల రికార్డు ఎక్కడ వెతకాలె? అదన్నా చెప్పు.

మామ: అదే చిక్కు. గోదావరి అవతల భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860ల ఇంగ్లీషోళ్లకు ఇచ్చిండు. మొదట సెంట్రల్ ప్రావిన్సుల్లో కలిపిన్రు. 1874ల మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపిన్రు. మన ఖమ్మం అప్పుడు వరంగల్‌లో భాగం, 1953ల జిల్లా అయింది. భద్రాచలం మళ్లీ 1959ల మన జిల్లాకు వచ్చింది. 2014ల భద్రాచలం పట్నం తప్ప చుట్టుపక్కల ఊళ్లు, కూనవరం, చింతూరు, వీఆర్‌పురం మండలాలు ఆంధ్రకు పోయినయి. నీ ముత్తాత పుట్టిన ఊరి కాగితం కోసం నాగపూర్ అడగాల్నా, మద్రాసు అడగాల్నా, కాకినాడ అడగాల్నా, అమరావతి అడగాల్నా? ఇటేమో ఉర్దూ, అటేమో ఇంగ్లీషు. దుమ్మగూడెంలో మిషన్ ఉండేది. జాన్ కెయిన్ అనే దొర ఆ తాలూకాల కోయల గురించి 1870లలోనే ఇంగ్లీషు పత్రికకు రాసిండు. అందులో ఆచారాలు దొరుకుతయి, మీ తాత దొరకడు. మీవాళ్లు మతం మారి ఉంటే చర్చి రిజిస్టరుండేది. మారలేదాయె.

అల్లుడు: జనాభా లెక్కలు? హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచీ ఉన్నయి కదా.

మామ: లెక్కలున్నయి, మనుషుల్లేరు. ఎంతమంది కోయలు, ఎంతమంది ఆడ, ఎంతమంది మగ, అంతే. ఇంటింటికి రాసిన చీటీలు కూడికలు చేసినంక దాచరు. 1948 చట్టం ప్రకారం ఆ రాత ఎవరికీ చూపియ్యరు కూడా.

అల్లుడు: అంటే కాగితం దారి మూసుకుపోయినట్టే కదా.

మామ: మగాడి దారి మూసుకుపోయింది. నువ్వు ముత్తాత ముత్తాత అంటవు. మీ ముత్తవ్వ ఎవరో అడిగినవా?

ఈ ప్రశ్న మామ నోటి నుంచి రావడం నాకు వింతగా అనిపించదు. రెవెన్యూ రికార్డులో భార్య పేరుకు గడి లేదు. తండ్రి పేరుంటుంది. భర్త చనిపోయాక ఫౌతి చేయించుకుంటే తప్ప ఆమె పేరు రాదు. ఆ ఖాళీ ముప్పై ఏళ్లు చూసిన వాడికే అది ఖాళీ అని తెలుస్తుంది. కోయ పెళ్లికి మాత్రం ఆడదాని జాడే ఆధారం. ఒకే గట్టులో పెళ్లి కుదరదు కాబట్టి, పిల్ల ఏ గట్టుదో, ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలియకుండా కొడుకు పెళ్లి మాట ఎత్తలేరు. మేనరికం ఉన్నచోట ఆ జాడ మూడు తరాలు నిలుస్తుంది. మేడారం జాతరలో ఇదే రెండేళ్లకోసారి అందరి కళ్ల ముందు జరుగుతుంది. సమ్మక్క ఒక చోట నుంచి వస్తుంది, సారలమ్మను కన్నెపల్లి నుంచి తెస్తారు, సమ్మక్క భర్త పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి, సారలమ్మ భర్త గోవిందరాజును కొండాయి నుంచి. భార్యది ఒక ఊరు, భర్తది ఒక ఊరు. జాతరకు నడిచే దారులే ఆ కుటుంబపు చుట్టరికాలు.

అల్లుడు: ముత్తవ్వ మీ ఇంటి బిడ్డ అని అమ్మ ఒకసారి అన్నది. నిజమేనా?

మామ: మా తాతకు అక్క.

అల్లుడు: ఇన్నేండ్లు చెప్పలేదేంది?

మామ: నువ్వు అడిగింది ముత్తాత గురించి. మా నాయనమ్మ చెప్పేది. తన ఆడబిడ్డను చేసుకుంటనని అవతలి ఒడ్డు నుంచి ఒక పిలగాడు వచ్చిండంట. ఓలి ఇచ్చే స్తోమత లేక మా ముత్తాత ఇంట్ల పని చేసి పిల్లను చేసుకున్నడు, ఇల్లరికం ఉండిపోయిండు. పాత గూడెం దగ్గరి చెలక ఆయనకు చూపిచ్చిన్రు. మా నాయనమ్మ ఈ ఇంటికి వచ్చేటప్పటికే ఆయన దాన్ని దున్నుతున్నడు.

అల్లుడు: అంటే రాజు లేడు, పితూరీ లేదు.

మామ: ఉన్నడేమో నాకు తెల్వదు. మా నాయనమ్మ మాటల్లో లేడు. పెళ్లి కోసం ఏండ్ల తరబడి మామ ఇంట్ల అరక పట్టినోడు ఉన్నడు.

అల్లుడి ముఖం చిన్నబోయి ఉంటుంది. నాకు మాత్రం ఈ తాతే దగ్గరగా అనిపిస్తాడు. రెండు సర్కార్ల మధ్య సరిహద్దయిన నదిని ఒక పిల్ల కోసం దాటి, తనది కాని ఇంట్లో పని చేసి, తనది కాని నేల మీద నిలదొక్కుకున్న మనిషి. ఈ అడవి అంచున బతుకులు ఎక్కువగా ఇలాగే సాగాయి. వాటిని పాడేవాళ్లూ తక్కువ, రాసేవాళ్లూ తక్కువ.

అల్లుడు: మరి ఆ చెలక ఖాస్రాలో ఎవరి పేరున ఉంది?

మామ: మా తాత పేరున.

అల్లుడు: నీకు తెలుసా?

మామ: ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే చూసిన. సగం పట్టాకెక్కింది, సగం అడవి కిందికి పోయింది. పట్వారీ ఇంటిపెద్ద ఎవరని అడిగి ఉంటడు, మా తాత పేరు రాసుకుని ఉంటడు. ఇల్లరికపు అల్లుడి పేరు ఎవరు చెప్తరు? అడవి కిందికి పోయిన సగంలోనే మీ రాళ్లున్నయి.

అల్లుడు: అందుకేనా మామా, ఇంతసేపూ కాగితమే సాక్ష్యమని నాతో వాదించినవు?

మామ: కొంత అందుకే. నోటిమాటకు విలువిస్తే రేపు నా తమ్ముళ్ల పట్టాల మీద కూడా ఎవడో ఒకడు నోటిమాట తెస్తడని భయం. ఆ భయం ఇప్పటికీ ఉంది. నీది ధర్మమైన మాటే, అందరిదీ అట్ల ఉండదు కదా.

అల్లుడు: నేను పట్టాభూమి అడగట్లేదు. రాళ్లున్న జాగా, పాత గూడెం, గూడెమంతటికీ కలిపి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల్లో 13వది చదివిన. గెజిటీర్లు, సర్వే రికార్డుల వంటి సర్కారు కాగితాలతో పాటు పాత బావులు, బొందల గడ్డలు, వేల్పుల చోట్లు కూడా సాక్ష్యమే. పాత రికార్డుల్లో పేరున్న మనిషి దాకా చూపే వంశావళి సాక్ష్యమే. దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దమనిషి చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఇందులో ఒకటి కంటే ఎక్కువ చూపాలె.

మామ: నాకు తెల్వదా? దరఖాస్తుల మీద రిపోర్టులు రాసినోణ్ని. గిరిజనులకు 2005 డిసెంబరు 13 నాటికి కబ్జాలో ఉంటే చాలు. మూడు తరాలు, 75 ఏండ్ల లెక్క గిరిజనేతరులకు. నీకు వంశావళి తప్పనిసరి కాదు.

అల్లుడు: ఒక్కొక్కరి పోడుకు కాదు. జామాయిల్ నాటిన జాగా మా గూడెందని చెప్పాలంటే రాళ్లు కావాలె, రాళ్లు ఎవరివో చెప్పాలంటే వంశావళి కావాలె. పాత రికార్డుల్లో పేరున్న మనిషి మీ తాత. ఆయన అక్క మా ముత్తవ్వ. వంశావళి అక్కడ ముడిపడుద్ది. నువ్వు మా గట్టు కాదు, మా గూడెం కాదు, దరఖాస్తుదారువీ కాదు. పెద్దమనిషివి నువ్వే.

మామ: నేనెట్ల రాస్త? నేను పుట్టేసరికి ఆయన లేడు. చూడనిదాన్ని చూసినట్టు నా చేత్తో రాయను.

అల్లుడు: విన్నట్టు రాయి.

మామ: అదే చెప్తున్న. రెండు భాగాలు రాస్త. చూసింది వేరు, విన్నది వేరు. ఖాస్రాలో మా తాత పేరు చూసిన, సర్వే నంబరు వేస్త. చిన్నప్పుడు మా నాయన ఆ రాళ్ల దగ్గరికి తీసుకుపోయి ఇది నా మేనత్త రాయి, పక్కది ఆమె పెనిమిటి రాయి అని చూపిచ్చిండు, అదీ రాస్త. ఇల్లరికం సంగతి, ఓలి సంగతి మా నాయనమ్మ చెప్పగా విన్నట్టు రాస్త. అల్లూరి పేరు ఎక్కడా రాయను.

అల్లుడు: విన్నది అని రాస్తే పైన కమిటీ కొట్టేస్తది మామా. ఒక్క మాట మారిస్తే పోయేదానికి...

మామ: మార్చను. మార్చిన మాట ఒక్కటి దొరికితే నిజమైనవి కూడా పోతయి. కొట్టేస్తే కొట్టేయనీ. ఊరికే కొట్టేసే హక్కు వాళ్లకు లేదు, కారణం రాతపూర్వకంగా ఇయ్యాలె. ఆ కాగితం అందినంక 60 రోజుల్లో పైకి పోవచ్చు. వాళ్లు రాసే కారణంలో మీ ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు రాయక తప్పదు. పేర్లు చెప్పు, ముందు ముత్తవ్వది. మా ఇంట్ల ఆమెను ముద్దుపేరుతో పిలిచేది, అసలు పేరు మీ నాయన్ని అడుగు.